దూది మిషను ఆగిన శనివారం

రేడియో అన్నాక దానికొక గుండ్రటి మీట ఉండాలి. తిప్పితే స్టేషను రావాలి, ఇంకాస్త తిప్పితే పోవాలి. ఇది నా అభిప్రాయం. చీరాల హైస్కూల్లో పిల్లలకి ఏళ్ళ తరబడి ఫిజిక్సు చెప్పినవాణ్ణి, పైగా లైసెన్సున్న హామ్‌ని. హామ్ అంటే ప్రభుత్వంవారి పరీక్ష రాసి, ఇంట్లోనే ఒక రేడియో పెట్టుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో గంటల తరబడి మాట్లాడుకునే పిచ్చివాళ్ళలో ఒకడని అర్థం. తుపాను వచ్చి ఫోన్లు పడిపోయినప్పుడు మాత్రం కలెక్టరాఫీసు వాళ్ళకి మేం గుర్తొస్తాం. అలాంటివాణ్ణి కాబట్టి రేడియో మీద నా మాటకి ఊళ్ళో తిరుగులేదనే అనుకునేవాణ్ణి, నగ్మా తగిలేదాకా.

నగ్మా పరుపుల అల్లాబక్షు కూతురు. పేరాల వైపు వెళ్ళే బజార్లో వాళ్ళ కొట్టు. కింద దూది ఏకే మిషను, పైన ఇల్లు, ఆ పైన మేడ. పర్చూరు నుంచీ అద్దంకి నుంచీ జిన్నింగు మిల్లుల దూది బోరాల్లో వచ్చి దిగుతుంది. ఇళ్ళల్లోని పాత పరుపులు కూడా విప్పి మళ్ళీ ఏకించుకోవడానికి తెస్తారు. అల్లాబక్షు తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడట. అల్లాబక్షు కాలానికి మిషను వచ్చింది. అది తిరుగుతుంటే బజారంతా బర్రుమంటుంది. అల్లాబక్షు కనుబొమల మీదా, మీసాల మీదా ఎప్పుడూ తెల్లగా దూది ఉంటుంది. ఎప్పుడైనా స్నానం చేసి వస్తే ఎవరో కొత్త మనిషనుకుంటాం.

నగ్మా పాలిటెక్నిక్ చదివి ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో ల్యాబు టెక్నీషియనుగా చేరింది. హామ్ పరీక్షకి మోర్సు, అంటే చుక్కలూ గీతలతో మాట్లాడే భాష, నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చింది. బల్ల మీద వేళ్ళతో టకటకా కొట్టి చూపిస్తే రెండోసారి అడగకుండా అందుకునేది. లైసెన్సు రాగానే, మా గురువుల ఆనవాయితీ ప్రకారం నా పాత వాల్వు సెట్టు ఒకటి ఇస్తానన్నాను. నాకు ప్రాణంతో సమానమైన సెట్టది.

"వద్దండి మాస్టారూ. నేను కంప్యూటర్లో చేసుకుంటా" అంది.

"కంప్యూటర్లో ఏం చేస్తావమ్మా?"

"రేడియో అండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ చూద్దాంలే అని వెళ్ళాను. కాలేజీవాళ్ళు పక్కన పడేసిన పాత కంప్యూటరు ఒకటి తెచ్చుకుంది. దాని పక్కన అరచెయ్యంత బోర్డు, తనే టంకం పెట్టుకున్నది. ఏంటెనా నుంచి వచ్చినదాన్ని ఆ బోర్డు చెవికి అందే స్థాయికి దించి, మనం పాటలు వినడానికి వాడే సౌండుకార్డులోకి పంపుతుంది. అంతే, దానితో ఇనుమూ రాగీ పని అయిపోయింది. మిగతా రేడియో అంతా అంకెలే. ఆ అంకెల మీద పని చెయ్యడానికి గ్నూ రేడియో అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో బ్లాకులుంటాయి. ఒక్కో బ్లాకుది ఒక్కో పని: ఒకటి వడపోస్తుంది, ఒకటి పెంచుతుంది, ఒకటి గొంతును విడదీస్తుంది. ఒకదాని వెనక ఒకటి తగిలిస్తే రేడియో అవుతుంది. మీట ఎక్కడా లేదు.

"మీట ఏదమ్మా?"

మౌసు చూపించింది. నేను ఆ పూట టీ కూడా తాగకుండా వచ్చేశాను.

ఇంతకీ ఆ పిల్ల గురి హామ్‌శాట్ మీద. మన దేశం మాబోటి వాళ్ళ కోసమే ఆకాశంలోకి పంపిన చిన్న ఉపగ్రహం అది. ఒక ఊళ్ళో హామ్ మాట్లాడితే ఆ మాట పైకి పోయి, ఉపగ్రహం మీదుగా ఎక్కడో ఇంకొకరి చెవిన పడుతుంది. పొద్దున పదీ పదిన్నర మధ్య మన నెత్తి మీదుగా వెళుతుంది. టీ గ్లాసు ఖాళీ చేసేలోపు వచ్చి పోయినట్టే ఉంటుంది. అది పరిగెత్తే వేగానికి గొంతు సన్నబడి బొంగురుపోతూ జారిపోతుంటుంది కూడా. నా వాల్వు సెట్టు మీద ఆ జారుడుకి మీట తిప్పలేక నా మణికట్టు పట్టేసేది. నగ్మా కంప్యూటరు మాత్రం ఉపగ్రహం ఎప్పుడెక్కడుంటుందో ముందే లెక్క కట్టుకుని, గొంతు జారిన కొద్దీ తనే సర్దుకునేది. ఇది చూసి నాకు లోపల్లోపల ముచ్చటేసింది. పైకి మాత్రం ఒప్పుకోలేదు.

అయితే అంత సర్దుకున్నా ఒక్క మాట కూడా వినపడేది కాదు. కారణం కిందే ఉంది. పొద్దున పదింటికి అల్లాబక్షు మిషను జోరు మీద ఉంటుంది. బెల్టు రాసుకుని చిటచిటా నిప్పురవ్వలు లేస్తుంటాయి. కంటికి ఆనని ఆ రవ్వలన్నీ రేడియోలోకి దూరి టపటపా టపాకాయల్లా మోగేవి. ఆకాశం నుంచి వచ్చే బక్క గొంతు వాటి కింద నలిగిపోయేది. మిషను ఆపమని నగ్మా ఏనాడూ అడగలేదు. అది మూడు కంచాల్లో అన్నం పెట్టే మిషను. సీజనులో పొద్దున పదింటికి అది ఆగడమంటే ఆ ఇంట్లో ఎవరో పోయారనే అర్థం.

"రవ్వలు తీసేసే బ్లాకు ఉండే ఉంటుందిగా అందులో?" అని అడిగాను.

"మా నాన్న మిషను కోసం ఎవరు రాస్తారండీ? నేనే రాసుకోవాలి" అంది నవ్వుతూ.

అలా మొదలైంది ఆ బ్లాకు. కాలేజీ నుంచి వచ్చి, అన్నం తిని, కూర్చుని రాసేది. చుట్టూ పరుపులు, దిండ్లు, మధ్యలో కంప్యూటరు. కీబోర్డు మీటల సందుల్లో దూది ఇరుక్కునేది. అంకెలన్నీ ఒకేసారి రావు, విడతలు విడతలుగా వస్తాయి. వచ్చిన విడతని శుభ్రం చేసి ముందుకు పంపాలి. మొదట రాసినప్పుడు విడత మారినప్పుడల్లా 'టిక్' అని కొత్త చప్పుడొకటి పుట్టింది. రవ్వల్ని తియ్యబోతే టిక్కులొచ్చాయి. నాకు భలే సంతోషమేసింది. "నా సెట్టులో టిక్కులుండవమ్మా" అన్నాను.

నగ్మా కంప్యూటరు మీంచి తల తిప్పింది. అప్పుడు వాళ్ళమ్మ ఖాదర్‌బీ పక్క గదిలో పరుపులో దూది పొరలు పరుస్తోంది. ఆ పని నగ్మా చిన్నప్పటి నుంచీ చేసిందే. ఒక పొర అంచు మీదికి ఇంకో పొర అంచు ఎక్కించి పరుస్తారు. అంచుకి అంచు ఆనించి వదిలేస్తే నెల తిరక్కుండా అక్కడ పల్లం పడి నడుముకి గుచ్చుకుంటుంది. తల్లి పరుస్తుంటే కాసేపు చూసి, నగ్మా వెనక్కి తిరిగి, వెళ్ళిపోయిన విడతలోని చివరి అంకెలు కొన్ని దాచుకుని వచ్చే విడత మొదట్లో కలుపుకునేట్టు బ్లాకుని మార్చింది. టిక్కులు పోయాయి. నా సంతోషం కూడా పోయింది.

సరిగ్గా అప్పుడే మేడ మీద గొడవ వచ్చిపడింది. మేడ మీదే ఏంటెనా, మేడ మీదే పరుపులు ఆరెయ్యడం. ఒకరోజు వాడరేవు వైపు నుంచి గాలి ఈడ్చి కొట్టింది. ఎదురుగా ఇడ్లీ బండి పెట్టుకునే వెంకటరావమ్మ కొత్త పరుపు గలేబు ఎగిరి ఏంటెనా గొట్టాలకి తగులుకుని నిలువునా చిరిగింది. పూల గలేబు. ఆవిడ ఏరి కోరి తెచ్చుకున్న గుడ్డ.

ఖాదర్‌బీ మంచి మనిషి. కానీ కోపం వస్తే బజారు చివర దాకా వినిపిస్తుంది.

"ఆ ఇనప కంప పీకి అవతల పారెయ్యండి! ఏడాది నుంచి చూస్తన్నా. అది ఒక్క మాట పలికిందా? ఒక్క పాట పాడిందా? దానికోసం నా మేడ సగం పోయింది!"

"ఇనుము కాదమ్మా, అల్యూమినియం" అంది నగ్మా. అది అనాల్సిన సమయం కాదు.

చివరికి నేనూ, అల్లాబక్షూ అడ్డం పడితే రాజీ కుదిరింది. వచ్చే రెండో శనివారం నగ్మాకి కాలేజీ సెలవు. ఆ రోజు ఉపగ్రహం వెళ్ళేటప్పుడు ఖాదర్‌బీ చెవికి ఒక్క మనిషి గొంతు స్పష్టంగా వినపడాలి. వినపడితే ఏంటెనా ఉంటుంది. లేకపోతే అదే రోజు దిగిపోతుంది, మేడంతా పరుపులకే.

ఆ సాయంత్రం నన్ను సాగనంపడానికి బజారు చివరిదాకా వచ్చింది నగ్మా. "కాలేజీలో నేను వైర్లు అందించే మనిషినండి మాస్టారూ. ఎవరి ప్రయోగం చెడినా నన్నే పిలుస్తారు, ఎవరిది కుదిరినా నేను కనపడను. ఆ మేడ మీద ఉన్నదొక్కటే నాది" అంది. ఆ బజార్లో ఇంకెక్కడా ఆకాశం కనిపించదు, అన్నీ కరెంటు తీగలూ కేబులు తీగలే. మేడ పోతే రేడియో పోయినట్టే. నా మీటా, నా వాల్వులూ అన్నీ మర్చిపోయి, ఈ పిల్ల నెగ్గితే బాగుండని మనసారా అనుకున్నాను.

బెంగుళూరులో తోమా అని ఒక హామ్ ఉన్నాడు. అతనికి నగ్మా ఇంటర్నెట్ సెంటరు నుంచి మెయిలు పెట్టింది, ఫలానా శనివారం ఉపగ్రహం మీద నాలుగు మాటలు తెలుగులో మాట్లాడండి అని. అతను సరేనన్నాడు. ఇక మిగిలింది బ్లాకు. రోజూ కాలేజీకి పోయేముందు, మిషను మొదలవ్వగానే, నా సెట్టు నుంచి సన్నగా ఏదో ఒకటి పంపమనేది. నేను మా ఇంట్లోంచి పద్యాలు చదివేవాణ్ణి. మొదట్లో ఒక్క అక్షరం అందలేదంది. తర్వాత సగం. చివరికి ఒకరోజు, "మాస్టారూ, మీరు మధ్యలో దగ్గారు" అంది. బర్రుమనే మిషను నెత్తిన కూర్చుని నా దగ్గు వినగలిగిందంటే పని అయినట్టే.

శనివారం వచ్చింది. మేడ కింది గదిలో పరుపుల మీద కొలువు తీరాం. ఖాదర్‌బీ గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని కూర్చుంది. వెంకటరావమ్మ ఇడ్లీ బండి కట్టేసి, చిరిగిన గలేబు సంగతి తేల్చుకోవడానికా అన్నట్టు వచ్చింది. నగ్మా స్పీకరు పెట్టి స్క్రీను ముందు కూర్చుంది. అల్లాబక్షు మాత్రం ఎక్కడా కనపడలేదు.

సమయమైంది. స్క్రీను మీద నల్లటి నేపథ్యంలో సన్నటి గీత ఒకటి పుట్టి పైకి పాకింది. "వచ్చాడు! అదిగో తోమా గారు!" అంది నగ్మా. అందరం స్పీకరు వైపు చెవులు పెట్టాం.

"క్... చ్... క్క్... ష్..."

నగ్మా స్క్రీను మీదికి వంగింది. గీత చక్కగా కనిపిస్తోంది, అంటే గొంతు లోపలికి వస్తోంది. బయటికి మాత్రం తరుగుడు ముక్కలు వస్తున్నాయి. పెంచింది, తగ్గించింది, ఏం చేసినా అదే.

"ఇదేనటే మనిషి గొంతు?" అంది ఖాదర్‌బీ.

"బొద్దింక అట్టపెట్టెలో పడినట్టుందమ్మా" అంది వెంకటరావమ్మ.

"ఆ బ్లాకుని తీసెయ్యమ్మా, తీసెయ్!" అన్నాను. తియ్యాలంటే ప్రోగ్రాము ఆపి, మార్చి, మళ్ళీ మొదలెట్టాలి. ఆ ముసలి కంప్యూటరు మళ్ళీ లేచేసరికి ఉపగ్రహం లంక దాటిపోతుంది. నగ్మా రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

అలా ఉన్నదల్లా తలెత్తింది. ఏదో వాసన పట్టినట్టు అటూ ఇటూ చూసింది. అప్పుడు నాకూ తట్టింది. గదిలో స్పీకరు గరగరలు తప్ప ఏమీ లేదు. బజారులో రిక్షా బెల్లు కూడా వినపడుతోంది. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఆ వేళప్పుడు వినపడని నిశ్శబ్దం.

నగ్మా మెట్లమీదికి పరిగెత్తింది. వెనకే నేను. కింద అల్లాబక్షు ఆపేసిన మిషను పక్కన స్టూలు మీద, స్విచ్చు బోర్డుకి కాపలా కాస్తున్నట్టు కూర్చున్నాడు. బయట బోరాలు దించేవాళ్ళని కూడా మాట్లాడొద్దని వేలు చూపించి ఆపాడు.

"నాన్నా! మిషను ఎందుకాపావు?"

"నీ కోసమేనమ్మా" అన్నాడు, దూది మీసాల్లోంచి నవ్వుతూ. "ఏడాదిగా నా మిషనేగా నీకు అడ్డం. ఇయ్యాల కూడా అడ్డమైతే ఎట్టా? నువ్వు అడగవు. అందుకే నేనే ఆపా."

సంగతి ఇది. రవ్వల్ని ఎలా గుర్తు పట్టాలో నగ్మా ఆ బ్లాకుకి చాలా తేలికగా నేర్పింది: వచ్చిన విడతలో అన్నిటికంటే ఎత్తుగా లేచినవాటిని కత్తిరించు. మిషను తిరుగుతుంటే అన్నిటికంటే ఎత్తుగా లేచేవి రవ్వలే. మిషను ఆగితే మిగిలేది తోమా గొంతొక్కటే, ఎత్తుగా లేచేదీ అదే. రవ్వలు దొరక్క ఆ బ్లాకు మనిషినే కత్తిరిస్తోంది. పొద్దున పదింటికి మిషను తిరగని లోకం ఒకటి ఉంటుందని దూది ఏకే ఇంట్లో పుట్టిన పిల్లకి తట్టలేదు. మనకైనా ఎలా తడుతుంది?

"వెయ్యి నాన్నా! మిషను వెయ్యి!"

అల్లాబక్షు నా వైపు చూశాడు, పిల్లకి మతి పోయిందా అన్నట్టు.

"వెయ్యండి అల్లాబక్షుగారూ! తర్వాత చెబుతాం, ముందు వెయ్యండి!" అని నేను కూడా అరిచాను.

అతను గభాలున లేచి స్విచ్చు వేశాడు. మిషను ఒకసారి మూలిగి, బెల్టు బిగిసి, బర్రున అందుకుంది. ముగ్గురం మెట్లు ఎక్కుతుండగానే పైనుంచి వెంకటరావమ్మ కేక వినపడింది: "ఓలమ్మో! మాట్లాడతన్నాడే!"

గదిలోకి వెళ్ళేసరికి స్పీకరులో తోమా, పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత చక్కగా:

"...చీరాల నగ్మా గారూ, బెంగుళూరు నుంచి తోమానండి. వినపడుతున్నానో లేదో తెలీదు గానీ మాట్లాడుతూనే ఉంటాను. మీ నాన్నగారు అల్లాబక్షు గారికీ, అమ్మగారు ఖాదర్‌బీ గారికీ నా నమస్కారాలు. మాది పర్చూరు పక్కనేనండి. మీకు తెలీదేమో, మా ఇంట్లో పెద్ద పరుపు మీ కొట్టులో కుట్టించిందే. చిన్నప్పుడు అన్నదమ్ములం అందరం దాని మీదే దొర్లేవాళ్ళం. ఇప్పటికీ ఉందండి అది..."

ఖాదర్‌బీ చేతులు ఎప్పుడు విప్పుకుందో తెలియదు. నోరు తెరుచుకుని స్పీకరు వంకే చూస్తోంది. అల్లాబక్షు స్పీకరు దగ్గరికి వెళ్ళి వంగి, దానిలోకే గట్టిగా చెప్పాడు:

"ఏకించావా బాబూ మళ్ళీ? అన్నేళ్ళు ఏకించకుండా ఉంచితే గడ్డ కడద్ది! పంపించు, నేను చూసుకుంటా!"

"ఆయనకి వినపడదు నాన్నా" అని నగ్మా నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, రెండూ ఒకేసారి. నేను పరుపు మీద కూలబడి నవ్వాను. ఎన్నేళ్ళయిందో అంత సంతోషంగా నవ్వి. తోమా గొంతు మెల్లగా సన్నబడి, ఉపగ్రహంతో పాటు దక్షిణానికి వెళ్ళిపోయింది.

అందరూ ఖాదర్‌బీ వైపు తిరిగారు. ఆవిడ కొంగు సర్దుకుని, "ఆ గొట్టాల చివర్లకి గుడ్డ చుట్టండి, గలేబులు చిరక్కుండా" అంది. అంతే తీర్పు. ఆ వారమంతా మాత్రం కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది, ఆకాశంలోంచి పేరు పెట్టి పిలిచారని. వెంకటరావమ్మకి కొత్త గలేబు కుట్టిచ్చింది, అదీ పూలదే.

నెల తిరిగాక బక్రీదు వచ్చింది. ఏటా మాదిరిగానే నన్ను భోజనానికి పిలిచారు. నమాజు నుంచి వచ్చి అల్లాబక్షు తెల్లటి బట్టల్లో, మీసాల మీద దూది లేకుండా గుమ్మంలో ఎదురైతే ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. కొట్టు మూసేసి ఉంది. పైన నగ్మా స్క్రీను ముందు కూర్చుంది. ఆ పూట కూడా తోమా మాట్లాడతానన్నాడట.

ఉన్నట్టుండి కింద మిషను బర్రుమంది.

"పండగ పూట మిషనేమిటమ్మా?" అన్నాను.

"నా కోసమండి. ఆ రోజు నుంచీ ఇంతే. ఉపగ్రహం వచ్చే వేళకి నాన్న ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి మిషను వేస్తాడు."

మెట్ల మీంచి వంగి చూశాను. మిషనులో చారెడు దూది లేదు. దీపం ఊరికే వెలిగితే ఒప్పుకోని మనిషి, కొత్త బట్టలతో ఆ ఖాళీ మిషను పక్కన నిలబడి ఉన్నాడు.

"ఆ బ్లాకు ఇంకా అంతేనా? బాగు చెయ్యలేదా?"

"ఆ మర్నాడే చేశానండి" అంది గొంతు తగ్గించి. "రవ్వ అంటే లేచిన క్షణంలోనే చచ్చిపోతుంది, గొంతు నిలబడుతుంది. ఇప్పుడు ఎత్తు చూసి కాదు, ఆ తేడా చూసి కోస్తుంది. మిషను తిరిగినా ఒకటే, ఆగినా ఒకటే."

"మరి నాన్నకి చెప్పలేదేం?"

నగ్మా జవాబు చెప్పేలోపే కింది నుంచి అల్లాబక్షు కేకేశాడు, మిషను చప్పుడుని మించి:

"అమ్మా నగ్మా! వినపడతందా?"

ఆ పిల్ల నా మొహంలోకి చూసి నవ్వి, తలుపు వైపు తిరిగి అంతకంటే గట్టిగా అరిచింది.

"బాగా వినపడతంది నాన్నా! ఆపొద్దు!"